పాత ఓక్ చట్రమా, కొత్త ఉక్కు చట్రమా: చర్చి గంటలకు ఏది మేలు?

ఇంగ్లండ్ పల్లెల్లో పాత చర్చి గోపురం ఎక్కి చూస్తే, గంటలకంటే ముందు వాటిని మోసే చెక్క చట్రం కనబడుతుంది. ఒక ఓక్ దూలం కొనను సన్నగా చెక్కి, మరో దూలానికి తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, అడ్డంగా చెక్కమేకు బిగించి కట్టిన ఆ చట్రాలలో కొన్ని వందల ఏళ్లుగా బరువు మోస్తూనే ఉన్నాయి. అలాంటి చట్రం వదులైందని తేలినప్పుడు దారులు మూడు: దానినే బాగుచేయడం, తీసివేసి ఉక్కు చట్రం వేయడం, పాతదాన్ని ఉన్నచోటనే ఉంచి గంటలను మాత్రం కొత్త చట్రంలోకి మార్చడం.

ఈ మూడింటిలో ఏది సరైనదో గంట బరువు ఒక్కటే చెప్పదు. దాన్ని ఎలా మోగిస్తారన్నది ముందుగా చూడాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో స్థిరపడిన పద్ధతిలో గంటకు పెద్ద చక్రం, తాడు అమర్చి, నోరు పైకి ఉండేలా నిలుపుతారు. ప్రతి మోతకూ అది దాదాపు పూర్తి చుట్టు తిరిగి మళ్లీ నోరు పైకెత్తి ఆగుతుంది. అలా తిరిగే టన్ను బరువు గంట ఒక దశలో చట్రాన్ని సుమారు 4 టన్నుల బలంతో కిందికి, మరో దశలో సుమారు 2 టన్నుల బలంతో పక్కకు నెడుతుంది. మధ్యయుగపు వడ్రంగులు తమ చట్రాలను కొద్దిగా ఊగే రెండు మూడు గంటల కోసం కట్టారు. తరువాతి తరాలు వాటిలోనే మరిన్ని గంటలు ఇరికించి, పూర్తి చుట్టు తిప్పాయి. అతుకులు వదులయ్యాయంటే తప్పు చెక్కది మాత్రమే కాదు.

ఓక్‌కు ఉన్న మొదటి గుణం, దాన్ని ముక్కముక్కగా బాగుచేసుకోగలగడం. తడిగోడలో పాతిన దూలపు కొనలు ముందుగా కుళ్లుతాయి. చెక్క తొలిచే పురుగూ అక్కడే చేరుతుంది. ఆ కొన వరకు కోసి, కొత్త ఓక్ ముక్కను అతికితే మిగిలిన దూలం మరెన్నో ఏళ్లు నిలుస్తుంది. రెండో గుణం, అది ఊపును కొంత తనలో ఇముడ్చుకోవడం. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాలలో చెక్క చట్రాన్ని గోపురంలో కింద ఆనించి, పక్క గోడలకు తగలకుండా నిలబెట్టడంలోని ఉద్దేశం అదే. జర్మనీలో రెండో ప్రపంచయుద్ధం తరువాత అనేక చర్చిలు ఉక్కు చట్రాలను వేసుకున్నాయి. అవి తుప్పు పట్టడం, ఊపును నేరుగా గోడలకు చేర్చడం చూశాక కొన్ని మళ్లీ ఓక్‌కు మరలాయి.

ఉక్కును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది ఋతువులను బట్టి ఉబ్బదు, కుంచించుకుపోదు. తక్కువ చోటులో ఎక్కువ గంటలను పట్టనిస్తుంది. గోపురంలో మరింత కింద అమర్చగలిగితే గోపురం ఊగడమూ తగ్గుతుంది. పూర్తి చుట్టు తిరిగే ఎనిమిది గంటలు కావాలనుకునే ఊరికి ఈ గట్టితనం నిజమైన అవసరం. తుప్పు పట్టకుండా రంగు వేస్తూ, పావురాల రెట్ట పేరుకోకుండా చూసుకోవడం మాత్రం తప్పదు.

చెక్కకు ఉన్న అసలు ప్రమాదం నిప్పు. 1840లో ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి నైరుతి గోపురంలో గడియారం బాగుచేయడానికి వచ్చిన మనిషి వదిలివెళ్లిన కొవ్వొత్తి నుంచి మంట లేచి, గంటలు కూలిపోయాయి. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్రదామ్ ఉత్తర గోపురంలోని చెక్క చట్రానికి మంట తాకినప్పుడు, అక్కడి ఎనిమిది గంటలు పడిపోతే గోపురమే కూలుతుందని అగ్నిమాపక దళం ప్రాణాలకు తెగించి దాన్ని ఆర్పింది. ఇంత జరిగాక కూడా ఆ చట్రాన్ని చెక్కతోనే బాగుచేసి గంటలను తిరిగి ఎక్కించారు. 2024 నవంబరు 8న అవి మళ్లీ మోగాయి. నిప్పు భయానికి జవాబు విద్యుత్ తీగల తనిఖీలో, నీటి ఏర్పాటులో ఉంది. ఓక్‌ను పారవేయడంలో లేదు.

పాత చట్రాన్ని తీసివేస్తే పోయేది చెక్క మాత్రమే కాదు. దూలాలలోని వార్షిక వలయాలను లెక్కించి చెట్టు నరికిన కాలాన్ని కనుక్కోవచ్చు. ఇంగ్లండ్‌లో హెర్‌ఫర్డ్‌షైర్‌లోని పెంబ్రిడ్జ్‌లో చర్చికి విడిగా నిలిచిన గంటల కట్టడపు దూలాలు 13వ శతాబ్దపు తొలినాళ్లవని అలాగే తెలిసింది. అదే దేశంలో సఫక్‌లోని ఈస్ట్ బెర్గోల్ట్‌లో గోపురం పూర్తికాక, 1531లో తాత్కాలికంగా నేలమీద కట్టిన చెక్క పంజరంలోనే ఐదు గంటలు నేటికీ ఉన్నాయి. వాటిని తాడుతో కాక, పైనున్న అడ్డదూలాన్ని చేత్తో పట్టి తిప్పుతారు. ఆ పంజరం లేకపోతే ఆ మోగించే పద్ధతికీ చోటుండదు.

అందుచేత నా తూకం ఇలా ఉంటుంది. కొద్దిగా ఊపి మోగించే మూడు నాలుగు గంటలకు ఓక్‌నే బాగుచేయాలి. పూర్తి చుట్టు తిప్పాలని ఊరు కోరితే, పాత చట్రాన్ని కదపకుండా దాని కింది అంతస్తులో ఉక్కు చట్రం వేసి గంటలను అక్కడికి దించాలి. ఖర్చు పెరిగినా ఇదే న్యాయం. పాతదాన్ని పూర్తిగా ఊడదీయడం, అది కుప్పకూలే దశకు వచ్చి, కొత్తదానికి వేరే చోటే లేనప్పుడు మాత్రమే ఒప్పుకోదగినది. అప్పుడు కూడా ఒక్క మేకు తీయకముందే ప్రతి అతుకునూ కొలిచి, వడ్రంగి చెక్కిన గుర్తులను గీసి భద్రపరచాలి.