అమ్మ కలంకారీ పనికి సొంత సైట్: మూడేళ్లు వాడాక

మా అమ్మది శ్రీకాళహస్తిలో కలంకారీ పని, నాది తిరుపతిలో ఉద్యోగం. ఆమె వేసిన బొమ్మలు నలుగురికీ చూపించాలని మొదట ఏటా అద్దె కట్టే ఒక రెడీమేడ్ సర్వీసులో సైట్ పెట్టాను. రెండో ఏడు రేటు పెంచారు. మానేద్దామంటే, రాసిందంతా ఒకేసారి బయటికి తెచ్చుకునే దారి లేదు. నలభై బొమ్మల వివరాలు ఒక్కొక్కటే కాపీ చేసుకుంటూ కూర్చున్నాను. ఈసారి కంటెంట్ మన చేతిలోనే ఉండాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఇప్పుడు వాడుతున్నది హ్యూగో, టెక్స్ట్ ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. సైట్లకు చోటిచ్చే గిట్‌హబ్ పేజెస్ మీద ఉచితంగా నడుస్తోంది, డొమైన్‌కి (సైట్ సొంత పేరుకి) మాత్రం ఏటా కట్టాలి. డేటాబేస్ లేదు, బొమ్మకొక చిన్న టెక్స్ట్ ఫైల్, అంతే. అమ్మ ఆ ఫైళ్ల జోలికి పోదు. ఆ ఫైళ్లను బ్రౌజర్‌లోనే నింపనిచ్చే డెకాప్ సీఎంఎస్ అనే టూల్ ఫారంలో పేరు, కొలత, ఫొటో, కథ నింపి పబ్లిష్ నొక్కుతుంది. గిట్‌హబ్ పేజెస్‌తో కలిపి వాడాలంటే లాగిన్ కోసం వేరే చిన్న సర్వర్ ఏర్పాటు కావాలి. దానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి. కుదిరాక మళ్లీ ముట్టుకోలేదు.

మొదటి రోజు "నొక్కినా నాయనా, ఇంకా కనపడలేదే" అని ఫోన్ చేసింది. సైట్ కొత్తగా తయారవడానికి కాసేపు పడుతుంది. ఇప్పుడు అలవాటైపోయింది. నొక్కేసి, కరక్కాయ పాలల్లో ముంచిన గుడ్డ పిండి ఆరేసి వచ్చేలోపు పేజీ వచ్చేసి ఉంటుంది.

తెలుగులో పెట్టేవాళ్లు రెండు చూసుకోవాలి. థీమ్‌లో (సైట్ రెడీమేడ్ డిజైన్‌లో) ఉన్న లైన్ హైట్‌తో, అంటే వరుసల మధ్య ఎడంతో, మా వత్తులు కింది వరుస గుడులకు తగులుకున్నాయి, 1.8కి పెంచాక హాయిగా చదవగలిగాం. లింకులో తెలుగు పేరుంటే వాట్సాప్‌లో శాతం గుర్తులతో బారెడు అవుతుంది. అందుకే ఫారంలో లింకు పేరుకి వేరే గడి పెట్టాను, అది ఇంగ్లిష్ అక్షరాల్లోనే నింపుతాం.

ఫొటోలే అసలు బరువు. గిట్‌హబ్ పేజెస్ సైట్ 1 జీబీ దాటకూడదు. 1600 పిక్సెళ్లకు తగ్గించాకే ఎక్కిస్తాం, ఒరిజినల్స్ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. ఆన్‌లైన్ అంగడి నడపాలంటే ఇది పనికిరాదు, గిట్‌హబ్ వాళ్ల నిబంధనలూ ఒప్పుకోవు. పని చూపించుకోవడానికైతే ధైర్యంగా వాడొచ్చు.

పోయిన నెల అమ్మ నన్ను అడక్కుండానే "రంగులు" అని కొత్త పేజీ పెట్టింది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో నానేసి నలుపు ఎట్లా తీస్తారో రాసింది. ఎన్ని రోజులు నానాలో నాకూ అది చదివాకే తెలిసింది.