హన్మకొండలో ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీ: మా బాపుతో ఆరు నెలల అనుభవం

మా బాపు కొత్తవాడలో నలభై ఏళ్లు దర్రీలు నేశాడు. 2018లో మన వరంగల్ దర్రీలకు జీఐ (ఆ ఊరి ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చింది, ఆ మరుసటేడే బాపు కుడిచేయి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు, అంటే మెదడుకు వచ్చే వణుకు జబ్బు.

ఫిజియోథెరపీ గురించి చెప్పేముందు అంతకుముందు జరిగింది చెప్పాలి, లేకపోతే నేనెందుకింత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. రెండేళ్ల కింద వేరే ఊళ్లో ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం చేయించాం. నాలుగు లక్షలు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని కణాలు వేరుచేసి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. మొదటి నెల బాగానే ఉన్నట్టనిపించింది, అంత డబ్బు పెట్టి అంత ఆశపడితే అనిపించదా మరి. మూడో నెలకల్లా మళ్లీ అదే వణుకు. పైగా గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవడం కొత్తగా మొదలైంది. అది ఇంజెక్షన్ వల్లే అని నేననను, జబ్బు ముదిరే తీరే అది. నా బాధంతా ఇంకా ప్రయోగాల్లో ఉన్నదాన్ని ఖాయంగా తగ్గించే వైద్యమని చెప్పి అమ్మినందుకు. వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పార్కిన్సన్స్‌కు స్టెమ్ సెల్స్ క్లినికల్ ట్రయల్‌లో (మనుషుల మీద పద్ధతిగా చేసే ప్రయోగంలో) తప్ప బయట ఇవ్వకూడదు. ట్రయల్ అయితే పేషెంటు దగ్గర డబ్బులు తీసుకోకూడదు. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ వాళ్లు ఏడుగురికి చేసిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి, అక్కడ ల్యాబ్‌లో పెంచిన కణాలను ఆపరేషన్ చేసి నేరుగా మెదడులోనే పెట్టారు. బాపు వెన్నులో వేసిన సూది వేరు, అది వేరు. ఎవరైనా డబ్బు కట్టమంటే ముందు ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక ఫిజియో సంగతి. మొదటిరోజు ఫిజియోథెరపిస్టు వచ్చి మంచం మీద పడుకోబెట్టి కాళ్లూచేతులూ వంచుతాడనుకున్నా. ఆయన అరగంటసేపు బాపు నడకనే చూస్తూ కూర్చున్నాడు. హాల్లో బాపు నేసిన పాత దర్రీ ఉంది, ఎరుపూ నలుపూ అడ్డచారలది. వంటింటి గడప దగ్గర రెండు నిమిషాలు కదలలేని మనిషి, ఆ దర్రీ మీదికి రాగానే చార తర్వాత చార దాటుకుంటూ నడిచిపోయాడు. ఇన్నాళ్లూ మా కళ్లముందే జరుగుతున్నా మేమెవ్వరం గమనించలేదు. "అలవాటుగా పడే అడుగే దెబ్బతిన్నది బాపూ, చూసి వేసే అడుగు ఇంకా నీ చేతిలోనే ఉన్నది" అన్నాడాయన. అని, వెంటనే ఆ దర్రీ తీసేయమన్నాడు! అంచు కాలికి తగిలితే పడిపోతాడట. దర్రీ చుట్టి పెడుతుంటే బాపు ముఖం చిన్నబోయింది. దాని బదులు గడపకు ఇటూ అటూ, బాత్రూం దారిలో, అడుగుకొకటి చొప్పున పసుపు టేపు అడ్డంగా అంటించారు. "గీత మీద కాదు, గీత అవతల వెయ్యి, గట్టిగా లెక్కపెట్టు" అని ఆయనంటే బాపు ఒకటి, రెండు అని పైకి లెక్కపెడతాడు. సన్నగిల్లిన గొంతుకు కూడా అది మంచిదేనట. తిరిగేటప్పుడు అక్కడికక్కడే తిరగొద్దు, బండి మలిపినట్టు వెడల్పుగా తిరగమన్నాడు. వారానికి మూడు రోజులు, విజిట్‌కు 500.

లోపాలూ ఉన్నాయి. మొదట్లో పదకొండింటికి వచ్చేవాడు, అప్పటికి ఎనిమిదింటికి వేసుకునే సిండోపా అనే పార్కిన్సన్స్ గోళీ పనితనం దిగిపోయి బాపు కట్టెలా ఉండేవాడు. తొమ్మిదికి మార్చమంటే మూడు వారాలు పట్టింది. మీరు మాట్లాడుకునేటప్పుడే గోళీ టైం చెప్పి దాన్నిబట్టి టైం అడగండి. అన్నట్టు ఆ గోళీ తిండికి అరగంట ముందే వేయాలి, పప్పూ పాలూ గుడ్డుతో కలిపి వేస్తే సరిగా ఒంటికి పట్టదు, ఈ మాట మాకు చెప్పింది కూడా ఈయనే. సమ్మక్క జాతరప్పుడు పది రోజులు రాలేదు, ముందే ఒక్క ఫోన్ చేసి ఉంటే బాపు రోజూ గేటు దిక్కు చూసేవాడు కాదు. అందుకే ఐదుకు నాలుగు ఇస్తున్నా.

వణుకు తగ్గలేదు, తగ్గుతుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు కూడా. రాత్రిపూట బాత్రూంకు మాత్రం బాపు మమ్మల్ని లేపకుండా ఒక్కడే పోయొస్తున్నాడు. పోయిన వారం గడప దగ్గర టేపు ఊడిపోతే నేను స్కేలు వెతుకుతుండగానే కుర్చీలోంచి వంగి, వణికే చేత్తోనే నేల మీద జానలు కొలిచి "ఇక్కడ" అని చూపించాడు. సరిగ్గా పాత టేపు జిగురు మరక మీదే పడింది వేలు.