అమీనా (కోర్టు నోటీసులు తెచ్చే ఉద్యోగి) కాగితం తెచ్చాక మేం వెళ్ళిన కోర్టు ఉచిత న్యాయ సేవల ఆఫీసు - 5కి 4

కోనసీమలో లంక ఊరండి మాది. తమ్ముడి రొయ్యల చెరువు కోసం ప్రోనోటు మీద 2 లక్షలు తెచ్చాం, అమ్మ కూడా సంతకం పెట్టింది, ఆ పంటకి వైట్‌స్పాట్ రోగం తగిలి చెరువు పోయింది, అప్పు మిగిలింది. తర్వాత కోర్టు సమన్లు వస్తే అమ్మ సంతకం పెట్టి తీసుకుని తమ్ముడు చూసుకుంటాడులే అని బీరువాలో పెట్టేసింది, వాయిదాకి ఎవరూ వెళ్ళలేదు, మేం లేకుండానే అప్పు కట్టాలని తీర్పు, ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు, అయిపోయింది. మొన్న వేసంకాలం కోర్టు అమీనా గారు ఈపీ (డిక్రీ డబ్బు వసూలుకి అప్పిచ్చినాయన వేసిన పిటిషన్) నోటీసు పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వీధిలో తలో మాటా. తీసుకోకు, తలుపేసుకో, ఇంట్లో లేరని చెప్పించు అని. దయచేసి ఆ పని చెయ్యకండి, మనం తీసుకోనంటే తలుపుకి అంటించి రిపోర్టు రాసుకుని వెళ్ళిపోతారు, మనకి వాయిదా తారీఖు కూడా తెలీదు.

నేను 15100కి ఫోన్ చేసి కనుక్కుని అమ్మని తీసుకుని కోర్టు ఆవరణలో ఉన్న ఉచిత న్యాయ సేవల ఆఫీసుకి వెళ్ళాను. ఆదాయం సర్టిఫికెట్ అడుగుతారేమో అనుకున్నా, అక్కర్లేదన్నారు, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారంట, ఎస్సీ ఎస్టీలకీ అంతే. జిరాక్సులకి తప్ప రూపాయి ఖర్చు కాలేదు మాకు.

వాళ్ళిచ్చిన లాయరమ్మ చిన్న వయసే, కానీ కాగితం మొత్తం చదివి అమ్మకి అర్థమయ్యేలా చెప్పింది. అమ్మ అడిగిన మొదటి మాట "తాళిబొట్టు పట్టుకుపోతారా అమ్మా?" అని. "లేదండి, తాళి, వంటగిన్నెలు, మంచాలు, పరుపులు జప్తుకి రావు. పొద్దుగూకాక సామాన్ల జప్తుకి ఇంట్లోకి అడుగుపెట్టకూడదు కూడాను. డబ్బు డిక్రీలో ఆడవాళ్ళని అరెస్టు చెయ్యరు, భయపడకండి" అంది. అమ్మ అక్కడే ఏడ్చేసింది. తమ్ముడికి మాత్రం ఆ మినహాయింపు లేదని, కొబ్బరితోట 30 సెంట్లూ జప్తుకి వచ్చే ఆస్తేనని కూడా దాచకుండా చెప్పింది, నాకు అదే నచ్చింది. డిక్రీ కొట్టేయించొచ్చా అంటే, సమన్లు అందినట్టు సంతకం ఉంది, 30 రోజుల గడువు ఎప్పుడో దాటింది, ఆశ పెట్టుకోవద్దంది.

మాకు అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. డిక్రీ అయ్యాక తమ్ముడు 40 వేలు అప్పిచ్చినాయన చేతికే ఇచ్చాడు, ఆ సంగతి కోర్టులో రాయించలేదు. బయట కట్టిన డబ్బు కోర్టులో నమోదు కాకపోతే ఈపీలో లెక్కలోకి రాదంట, మనం నమోదు చేయించుకోడానికి ఉన్నది 30 రోజులే! ఎంతమంది ఇలా పోగొట్టుకుంటున్నారో అని కడుపు మండిపోయింది. లాయరమ్మే ఆయనతో రెండుసార్లు మాట్లాడి రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కి రప్పించింది, ఆ 40 వేలు ఆయన ఒప్పుకున్నాడు, వడ్డీ కొంత తగ్గించుకున్నాడు, నెలకి 15 వేలు చొప్పున 14 నెలలు. డిక్రీ అయ్యాక ఇలా విడతలుగా కడతామంటే ఆయన ఒప్పుకుంటేనే అవుద్ది, మనం ఒక్కళ్ళం కావాలంటే కాదు. ఈ రాజీ మీద అప్పీలు కూడా ఉండదు, కాబట్టి కట్టగలిగినంతకే ఒప్పుకోమని మరీ మరీ చెప్పింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మొదటిరోజు 10:30కి వెళ్తే మూడయ్యింది మా వంతు వచ్చేసరికి, పెద్దవాళ్ళు కూర్చోడానికి రెండే బల్లలు, బోర్డు లోపలెక్కడో ఉంది, మేం రెండుసార్లు దాని ముందునుంచే వెళ్ళిపోయాం. లాయరమ్మ కూడా వాయిదాల రోజు ఫోన్ ఎత్తదు, సాయంత్రం చెయ్యాలి.

వెళ్ళేవాళ్ళు అమీనా ఇచ్చిన నోటీసు, పాత సమన్లు, ఆధార్, డబ్బులిచ్చినట్టు ఫోన్‌పే లెక్కలుంటే అవీ పట్టుకెళ్ళండి, నోటీసులో వాయిదా తారీఖుకి ముందే వెళ్ళండి. మేం ఇప్పటికి 5 నెలలు కట్టాం, ప్రతి రసీదూ అమ్మ అదే బీరువాలో ఫైల్‌లో పెడుతోంది.