నల్లరేగడి నీడలో చేమా, స్నేక్ ప్లాంటా?

కర్నూలు వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నీడలో తడి ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. ఇంటికి ఉత్తరపు గోడ పక్కన ఏది నాటాలన్నది ఆ తడిని బట్టే తేలుతుంది.

చేమకు ఆ తడే బలం. జూన్‌లో వానలు పడ్డాక దుంపను 5-7 సెంటీమీటర్ల లోతున, రెండడుగుల ఎడంతో పెట్టండి. పైన మూడంగుళాల ఎండాకు కప్పితే నెర్రెలు తగ్గుతాయి. చిక్కంతా ఏప్రిల్, మేలలోనే: 40 డిగ్రీలు దాటి వడగాలి తగిలితే ఆకు అంచులు మాడతాయి, రోజూ నీళ్లు పోయాల్సిందే. ఆకు కోసేటప్పుడు రసం తగిలితే దురద.

కత్తుల్లా నిటారుగా ఆకులు లేచే అలంకరణ మొక్క స్నేక్ ప్లాంట్ ఎండాకాలాన్ని లెక్కచేయదు. దాన్ని చంపేది వానాకాలమే. రేగడిలో నేరుగా నాటితే వేళ్లకు గాలాడక మొదలు మెత్తబడి కుళ్లుతుంది. అడుగు ఎత్తు మడి కట్టి, సగం ఎర్రమట్టి, మిగతా సగం ముతక ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపండి. (రేగడిలోనే గుప్పెడు ఇసుక కలిపితే ఏ లాభమూ లేదు.) పసుపు అంచు రకాన్ని ఆకు ముక్కలతో పెంచితే ఉత్త పచ్చవే వస్తాయి, పిలకలే విడదీయాలి.

వాడిన నీళ్లు పారే చోటైతే చేమే. బోరు ఎండిపోయే ఇంట్లో స్నేక్ ప్లాంట్, అదీ మడి కట్టే ఓపికుంటేనే.