ఎయిర్‌బ్యాగ్ లైట్ కోసం ఆటోనగర్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళా, 4 స్టార్లు

నాది 2013 మోడల్ డీజిల్ కారు, సెకండ్ హ్యాండ్. ఎయిర్‌బ్యాగ్‌లు కావాలనే వెతికి వెతికి టాప్ వేరియంట్ తీసుకున్నా, అప్పట్లో కింద వేరియంట్లకి ఇచ్చేవాళ్ళే కాదు, కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యిందే 2019 జులైలో కదా. అలాంటిది ఎండాకాలం నుంచి మీటర్‌లో ఆ ఎర్ర బొమ్మ, ఒళ్ళో బంతి పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ, వెలిగింది వెలిగినట్టే ఉంది. అది వెలుగుతుంటే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకుంటుందో లేదో గ్యారంటీ లేదు, అంటే దేనికోసం ఎక్కువ డబ్బులు పోశానో అదే లేనట్టు.

మా వీధి మెకానిక్ బ్యాటరీ వైరు తీసి పెడితే పోద్ది అన్నాడు, పోలా. ఆన్‌లైన్‌లో 800 పెట్టి బ్లూటూత్ స్కానర్ కొన్నా, అది ఇంజిన్ లోపాల కోడ్లు చూపిస్తుందే గానీ ఎయిర్‌బ్యాగ్ జోలికే పోదు. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో మాడ్యూల్, అంటే ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా, మొత్తం మార్చాలి 26 వేలు అన్నారు, ఏం చూసి చెప్పారండీ అంటే కంప్యూటర్ చెప్పింది అన్నారు. ఇంకొకాయన వీళ్ళందరికంటే ఘనుడు, 300 ఇవ్వండి సార్ మీటర్ విప్పి బల్బు పీకేస్తా ఇంక కనపడదు అన్నాడు.

చివరికి ఎవరో చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఈయన దగ్గరికి వెళ్ళా. షాపు పేరు రాయట్లేదు, ఆయనే వద్దన్నాడు, ఉన్న గిరాకీకే టైం చాలట్లేదంట. మేస్త్రీ స్కానర్ కూడా తియ్యకముందే అడిగిన మొదటి మాట, "హారన్ సరిగ్గా మోగుతుందా సార్?" నిజమే, కొన్నాళ్ళుగా స్టీరింగ్ తిప్పేటప్పుడు హారన్ ఒకోసారి పలకట్లేదు, నేను రిలే అనుకుని వదిలేశా. సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లయితే ముందు సీటు కింద వైర్లు కలిపే పసుపు కప్లర్ చూస్తానని, సీటు జరిపి జరిపి అది లూజవుతుందని, నా కారుకి ఆ గొడవ లేదని చెప్పాడు. తర్వాత స్కానర్ పెడితే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అని వచ్చింది. కోడ్ ఎరేజ్ చేశాడు, లైటు పోయింది, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పమన్నాడు, సగం తిప్పానో లేదో మళ్ళీ వెలిగింది. "మాడ్యూల్ కాదు, స్పైరల్ కేబుల్" అన్నాడు. 26 వేల మాట అక్కడితో అయిపోయింది.

స్పైరల్ కేబుల్ అంటే స్టీరింగ్ వెనక గుండ్రటి డబ్బాలో టైలర్ టేపు చుట్టినట్టు ఉండే పల్చటి రిబ్బన్ వైరు. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా అదీ బిగుస్తూ వదులవుతూ ఉంటుంది, హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ కరెంటు దాంట్లోంచే పోవాలి. పదేళ్ళు తిప్పాక లోపల తెగింది, అంతే.

నాకు నచ్చింది ఆయన పని చేసిన పద్ధతి. బ్యాటరీ నెగటివ్ తీసి వెంటనే చెయ్యి పెట్టలేదు, పదండి టీ తాగొద్దాం అన్నాడు, మాడ్యూల్‌లో కాసేపు ఛార్జ్ నిలబడి ఉంటుందంట. ఊడదీసిన ఎయిర్‌బ్యాగ్‌ని బోర్లా కాకుండా పైకి చూసేలా వెనక సీట్లో పెట్టాడు. కుర్రాడు మల్టీమీటర్‌తో బ్యాగ్ దగ్గరికి వెళ్ళబోతే ఒక్క అరుపు అరిచాడు, మీటర్‌లోంచి వచ్చే చిన్న కరెంటుకే అది పేలొచ్చు. టైర్లు తిన్నగా పెట్టి, కొత్త స్పైరల్ సెంటర్ చూసుకుని మరీ బిగించాడు, అది తప్పితే మొదటి యూ టర్న్‌లోనే మళ్ళీ తెగుద్ది. కీ తిప్పితే లైటు ఓ ఆరు సెకన్లు వెలిగి ఆరిపోయింది, హారన్ కూడా మోగింది. పార్ట్ 1,900, కూలి 700.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే గంటలో అయిపోద్ది అని మూడున్నర గంటలు కూర్చోబెట్టాడు, కూర్చోడానికి ఉన్నదల్లా ఒక పాత టైరు. పైగా బయట కంపెనీ పార్ట్, వారంటీ లేదు, స్టీరింగ్ మీద ఆడియో బటన్ల వెనక లైటు ఇప్పుడు వెలగట్లేదు. ఒరిజినల్ కావాలంటే తెప్పిస్తా అన్నాడు గానీ రెండు రెట్లు పైనే అవుద్ది.

నాది చూసి మా బావ కూడా తన పాత కారు తీసుకెళ్ళాడు. తనకి లైటు అసలు వెలగదు, కాబట్టి కారు సూపర్ అని ఇన్నాళ్ళూ సంబరం. కీ తిప్పగానే ఓసారి వెలగాలి కదా సార్ అని మేస్త్రీ మీటర్ విప్పితే బల్బు లేదు, స్టీరింగ్ మూత విప్పితే లోపల బ్యాగే లేదు, ఎప్పుడో గుద్దినప్పుడు పేలిపోయింది. "బల్బు పీకినోడు నయం సార్, కొందరు బ్యాగ్ బదులు రెసిస్టర్ పెడతారు, మాడ్యూల్ బ్యాగ్ ఉందనే అనుకుంటుంది, అప్పుడు లైటు చక్కగా వెలిగి ఆరిపోద్ది" అన్నాడు. ఆ కారు అమ్మినాయనకి బావ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, నాలుగు రోజులుగా స్విచ్ ఆఫ్.