ఈఎల్‌ఎం327 అడాప్టర్: పాత కార్ల వ్యాపారికి ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

పాత కార్లు కొని అమ్మే చిన్న వ్యాపారి దగ్గర ఈఎల్‌ఎం327 అడాప్టర్, అంటే కారుకు గుచ్చి ఇంజిన్ కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించే చిన్న పరికరం, ఒకటి ఉండి తీరాలి. ఇందులో రెండో మాట లేదు. అయితే దీన్ని ‘కోడ్లు (ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకునే లోపాల గుర్తులు) చదివే డబ్బా’ అనుకుని కొంటే సగం ఉపయోగమే దక్కుతుంది. బేరానికి తెచ్చే ముందు కోడ్లు చెరిపేయడం ఎవరైనా అర నిమిషంలో చేయగల పని. అలాంటి బండికి అడాప్టర్ పెడితే ‘కోడ్లు ఏమీ లేవు’ అని చూపిస్తుంది. కొనేవాడు స్థిమితపడతాడు, నష్టం అక్కడే మొదలవుతుంది. కోడ్లు ఉన్నాయా లేవా అన్నదానికంటే, వాటిని చివరిసారి ఎప్పుడు చెరిపారన్నది పెద్ద ప్రశ్న. దానికి ఈ చిన్న పరికరం చాలావరకు జవాబు చెబుతుంది. వ్యాపారికి దీని విలువంతా ఆ జవాబులోనే ఉంది.

వాడకం తేలిక. స్టీరింగ్ కింద, డ్రైవర్ చేతికి అందేచోట 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అడాప్టర్ అందులో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపి యాప్ తెరవడమే. ఓబీడీ-2, అంటే ఇంజిన్ కంప్యూటర్ తన లోపాలను బయటి పరికరానికి చెప్పే ఉమ్మడి పద్ధతి, ఉన్న బండికే ఇది పనిచేస్తుంది. అమెరికాలో ఇది 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి తప్పనిసరైంది. అంతకంటే పాత బండ్లకు సాకెట్ అదే ఆకారంలో కనిపించినా లోపలి భాష వేరే కావచ్చు, వాటిపై నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. యాప్‌లో ముందు చూడాల్సినవి రెండు అంకెలు: కోడ్లు చెరిపినప్పటి నుంచి నడిచిన దూరం, చెరిపినప్పటి నుంచి ఇంజిన్ ఎన్నిసార్లు వేడెక్కింది అన్న లెక్క. ఇంజిన్ నీటి వేడి కనీసం 22 డిగ్రీలు పెరిగి, 70 డిగ్రీలు దాటితేనే (డీజిల్‌కు 60) ఒక వార్మప్‌గా లెక్కిస్తుంది. ఈ లెక్క 255 దగ్గర, దూరం 65,535 కి.మీ. దగ్గర ఆగిపోతాయి. వార్మప్‌లు 255, దూరం వేలల్లో ఉంటే నిశ్చింత. దూరం 18 కి.మీ., వార్మప్‌లు 2 అని కనిపిస్తే మాత్రం కోడ్లు నిన్నో ఇవాళో పోయాయి. ‘ఏడాదిగా చేయి పెట్టలేదు’ అన్న అమ్మకందారు మాటకూ ఈ అంకెలకూ పొంతన కుదరకపోతే బేరం అక్కడ ఆపి, ప్రశ్నలు మొదలుపెట్టాలి.

కొన్ని బండ్లు ఈ రెండు అంకెలూ ఇవ్వవు. అప్పుడు రెడీనెస్ మానిటర్లు ఆదుకుంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం), ఆక్సిజన్ సెన్సర్, పెట్రోలు ఆవిరి వ్యవస్థ, ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం) లాంటి ఒక్కో భాగాన్నీ ఇంజిన్ కంప్యూటర్ తనంతట తాను పరీక్షించుకుంటుంది, ఆ పరీక్షలే ఈ మానిటర్లు. కోడ్లు చెరిపితే ఈ పరీక్షలన్నీ ‘పూర్తి కాలేదు’ అన్న స్థితికి వెనక్కి వెళ్తాయి. మళ్లీ పూర్తవ్వాలంటే చల్లటి స్టార్ట్, కాసేపు ఐడ్లింగ్, ఊళ్లో నడక, హైవే మీద ఒకే వేగంతో పది నిమిషాలు, ఇలా రకరకాలుగా నడపాలి. పెట్రోలు ఆవిరి పరీక్ష అన్నిటికంటే మొండిది: చాలా బండ్లలో రాత్రంతా చల్లారి ఉండాలి, ట్యాంకులో పెట్రోలు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. అందుకే ఆ ఒక్కటి పూర్తికాకపోతే పట్టుబట్టనక్కర్లేదు. అమెరికా ఎమిషన్ పరీక్షల్లో కూడా 2001, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఒకటి, 1996-2000 కార్లకు రెండు అసంపూర్తిగా ఉన్నా ఒప్పుకుంటారు. అయితే క్యాటలిస్ట్ మానిటర్ ఒక్కటీ మిగిలిపోయి తక్కినవన్నీ పూర్తయ్యాయంటే జాగ్రత్తపడాలి. కన్వర్టర్ పాడైన బండిలో ఆ లోపాన్ని చెప్పే పి0420 కోడ్ తిరిగి రాకముందే అమ్మేద్దామనుకుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఆ అనుమానం వస్తే కోడ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, కన్వర్టర్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ చూడాలి. కన్వర్టర్ బాగుంటే గీత 0.6-0.7 వోల్టుల చుట్టూ దాదాపు నిలకడగా సాగుతుంది. 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయినట్టే. ఆ సెన్సర్‌కు ముందు పొగ గొట్టంలో లీకు ఉన్నా గీత ఊగుతుంది కాబట్టి ముందు అది సరిచూసుకోవాలి.

కోడ్లు చెరిపిన జాడ ఇంకోచోట కూడా దొరుకుతుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె (కంప్యూటర్ పెట్రోలును మామూలు లెక్కకంటే ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేది) బండి నడుస్తున్నకొద్దీ తన స్థాయి తాను నేర్చుకుంటుంది. ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు మామూలే, 10 దాటితే ఏదో ఉంది. పాత బండిలో ఎంతసేపు చూసినా అది కచ్చితంగా 0.0 దగ్గరే కూర్చుందంటే కంప్యూటర్ జ్ఞాపకం ఈ మధ్యనే తుడిచి ఉండవచ్చు. అదే ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 15 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3కో 4కో తగ్గితే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ దగ్గర లీకు: ఒక పగిలిన గొట్టంతో పోవచ్చు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు సరిపోవడం లేదు, అంటే పంపు, ఫిల్టరు, లేకపోతే గాలి కొలిచే మాఫ్ సెన్సర్. రెండింటి మరమ్మతు ఖర్చుకీ చాలా తేడా. బేరంలో ఎంత తగ్గించాలో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. బ్యాటరీ మార్చినా, తీసి పెట్టినా చాలా బండ్లలో ఇవన్నీ మొదటికొస్తాయి. నిజాయితీగా మరమ్మతు చేయించి కోడ్ చెరిపించినవాళ్లూ ఉంటారు. కాబట్టి అంకెలు చూడగానే అమ్మేవారిని మోసగాడనకూడదు. బ్యాటరీ మీద తేదీ చూడాలి, గ్యారేజీ బిల్లు అడగాలి. రెండూ లేకపోతే ‘మూడు నాలుగు రోజులు మామూలుగా నడిపి మళ్లీ తీసుకురండి’ అనడమే పద్ధతి. అంత ఆగలేమంటే, అత్యంత ఖరీదైన మరమ్మతు తప్పదనే లెక్కతో ధర చెప్పాలి.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే చూడాల్సింది మరొకటుంది. రాత్రంతా ఆగిన బండిలో ఇంజిన్ నీటి వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి దాదాపు సమానంగా ఉంటాయి, నాలుగైదు డిగ్రీల తేడా సహజం. నీరు 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే బండిని ముందే వేడిచేసి ఉంచారు. చల్లటి స్టార్ట్‌లో వినిపించే టైమింగ్ చైన్ చప్పుడు, నీలం పొగ, స్టార్టింగ్ ఇబ్బంది, అన్నీ అప్పటికే మరుగున పడిపోతాయి. అలాంటి బండిని మర్నాడు పొద్దున మళ్లీ చూడాల్సిందే.

లైటునే పీకేసినా ఈ అడాప్టర్ పట్టేస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకపోతే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. యాప్‌లో ‘లైటు ఆన్’ అని ఉండి డాష్‌బోర్డు మీద ఏమీ వెలగకపోతే బల్బు తీసేశారు, లేదా మీటరు వెనక అడ్డంపెట్టారు. చాసిస్ నంబరు కూడా యాప్‌లో చదివి, బండి మీద కొట్టిన నంబరుతో 17 అక్షరాలూ పోల్చాలి. తేడా ఉంటే ఇంజిన్ కంప్యూటర్ ఇంకో బండిది. నీళ్లలో మునిగిన బండ్లకు కంప్యూటర్ మార్చడం మామూలు కాబట్టి, అప్పుడు సీటు పట్టాలు, కార్పెట్ అడుగు, వైర్ల కనెక్టర్లు విప్పి చూడకుండా ముందుకెళ్లొద్దు.

ఇప్పుడు వస్తువు సంగతి. అసలు ఈఎల్‌ఎం327 చిప్ చేసిన కెనడా సంస్థ 2022లో మూతపడింది. మార్కెట్లో దొరికేవాటిలో అత్యధికం నకళ్లే. నకలైనంత మాత్రాన పనికిరాదని కాదు, వాటిలో రకాలున్నాయి. ‘వెర్షన్ 1.5’ అనే చిప్‌ను అసలు సంస్థ ఎప్పుడూ విడుదల చేయలేదు. అయినా ఆ పేరుతో వచ్చే నకళ్లలో కొన్ని, ‘వెర్షన్ 2.1’ అని చూపించే వాటికంటే మెరుగ్గా పనిచేస్తాయి. ఆ 2.1 నకళ్లు చాలా ఆదేశాలకు జవాబివ్వవు, పాత ప్రోటోకాళ్లను (బండి కంప్యూటర్‌తో మాట్లాడే పాత పద్ధతులను) వదిలేస్తాయి. 2008 నుంచి అమెరికా కార్లన్నీ ఓబీడీ-2కు క్యాన్ అనే కొత్త ప్రోటోకాల్‌నే వాడతాయి కాబట్టి కొత్త బండ్లతో తేడా తెలియదు, అంతకుముందు బండికి పెట్టినప్పుడు ‘కనెక్ట్ కాలేదు’ అని మొండికేస్తాయి. ఈఎల్‌ఎం327కు బదులుగా వాడే ఎస్‌టీఎన్ శ్రేణి చిప్ ఉన్న అడాప్టర్లు అవే ఆదేశాలను వేగంగా, తప్పుల్లేకుండా పాటిస్తాయి. రోజూ వాడేవారు అవి కొనడమే మేలు.

ఏది కొన్నా, వెనక్కి ఇచ్చే గడువు లోపల మూడు పరీక్షలు చేయాలి. చాసిస్ నంబరు 17 అక్షరాలూ వస్తోందా? ఇది ఒక్క ముక్కలో రాదు, మూడు నుంచి ఐదు ముక్కల్లో వస్తుంది. నాసిరకం అడాప్టర్ తడబడేది ఇక్కడే. రెండోది, అడాప్టర్ చూపించే వోల్టేజీని మల్టీమీటరుతో సరిచూడాలి. అర వోల్టు తేడా ఉంటే దాంతో బ్యాటరీ గురించి తీర్పు చెప్పలేం: ఇంజిన్ ఆపితే 12.4-12.7, నడుస్తుంటే 13.5-14.7 అన్నదే మొత్తం లెక్క. మూడోది, 2008కి ముందు బండి ఒకదానికి పెట్టి చూడాలి.

ఐఫోన్ ఉన్నవారు మామూలు బ్లూటూత్ అడాప్టర్ కొనకూడదు, బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) అని రాసి ఉన్నదో వైఫైదో తీసుకోవాలి. వైఫై రకంలో ఫోన్ ఇంటర్నెట్ తెగిపోవచ్చు. ల్యాప్‌టాప్ వాడేవారికి యూఎస్‌బీదే గట్టిది.

అడాప్టర్ దీపం అసలు వెలగకపోతే వస్తువు పాడైందనుకోకండి. చాలా కార్లలో 16వ పిన్నుకు కరెంటు సిగరెట్ లైటర్ ఫ్యూజు నుంచే వస్తుంది. ఛార్జర్ పెట్టి ఆ ఫ్యూజు కాల్చి ఉంటారు. ఆ పిన్నులో ఇగ్నిషన్ ఆపినా కరెంటు ఉంటుంది కాబట్టి యార్డులో నిలిపిన బండికి అడాప్టర్ వదిలేయకూడదు. 40 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు దాదాపు 1 ఆంపియర్-అవర్ పోతుంది, వారాల తరబడి కదలని బండికి అది చాలు. పైగా వీటి బ్లూటూత్ పాస్‌వర్డ్ తరచూ 1234 లేదా 0000, పక్కన నిలబడినవారు ఎవరైనా కలుపుకోవచ్చు. రోజూ పది బండ్లకు గుచ్చి తీస్తుంటే అడాప్టర్ పిన్నులు వదులవుతాయి. ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టుకుంటే అరిగేది కేబులే, మోకాలు తగిలి సాకెట్ విరిగే భయమూ ఉండదు.

దీనితో కానివి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, గేర్‌బాక్స్ కంప్యూటర్లలో ఏముందో మామూలు యాప్‌తో తెలియదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు పేలి, లైటు మాత్రమే మాయం చేసిన బండిని ఇది పట్టుకోలేదు. దానికి కంటిచూపే ఆధారం: ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా, మరో లైటుతో కలిసి ఆరినా అనుమానించాలి. వెనక్కి తిప్పిన మీటరునూ ఇది చాలా బండ్లలో చెప్పలేదు. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ ఆరోగ్యం కూడా ఈ ప్రామాణిక సమాచారంలోకి సాధారణంగా రాదు, ఆ మోడల్‌కు ప్రత్యేకమైన యాప్ కావాలి. ఖరీదైన కార్లు, హైబ్రిడ్లు ఎక్కువగా కొనేవారు అన్ని కంప్యూటర్లనూ చదివే స్కానర్‌కే వెళ్లాలి, దీన్ని మొదటి వడపోతకు ఉంచుకోవాలి.

కోడ్ కనిపించగానే చెరిపే మీట నొక్కొద్దు. దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం వచ్చిన క్షణాన వేగం, ఆర్‌పీఎం, నీటి వేడి, ఇంజిన్ మీద బరువు ఎంతెంత ఉన్నాయో అందులోనే రాసి ఉంటుంది. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) చల్లటి ఇంజిన్‌లో వచ్చిందా, 100 కి.మీ. వేగంలో వచ్చిందా అన్నది మెకానిక్‌కు సగం పని తగ్గిస్తుంది. ముందు స్క్రీన్ ఫొటో తీసి బండి ఫైల్లో పెట్టాలి. మరమ్మతయ్యాక బండిని తిప్పి, మానిటర్లన్నీ పూర్తయిన స్క్రీన్‌ను ఇంకో ఫొటో తీయాలి. కొనడానికి వచ్చినవారికి రెండు ఫొటోలూ చూపించి, వాళ్ల సొంత అడాప్టర్ పెట్టి చూసుకోమనాలి.