ఉచిత భూగర్భ జలాల కోర్సు మా బోరుకు పనికొచ్చిందా?

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో. బీకాం చదివానని అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ల లెక్కలన్నీ నాకే అంటగట్టారు. కొత్త బోరు మాటెత్తితే కొబ్బరికాయతో పాయింట్ చూసేవాళ్ళే దిక్కు. అసలు సంగతేంటో తెలుసుకుందామని ఐఐటీల పాఠాలు ఆన్‌లైన్‌లో దొరికే ఎన్‌పీటెల్‌లో భూగర్భ జలాల కోర్సు పట్టుకున్నాను.

వీడియోలు, అసైన్‌మెంట్లు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్లో పరీక్ష రాయాలి. నాకా టెన్షన్ అక్కర్లేదు.

మొదటి పాఠాలు బంగారం. 1856లో డార్సీ అనే ఫ్రెంచ్ ఇంజినీరు ఇసుకలోంచి నీళ్ళు పారించి, నేలలో నీళ్ళు ఎంత వేగంగా కదులుతాయో లెక్కగట్టడానికి రాబట్టిన సూత్రాన్ని నింపాదిగా చెప్పారు. బంకమట్టిలో దాదాపు సగం ఖాళీలే ఉన్నా, మనకు వదిలే నీళ్ళు నూటికి రెండు మూడు పాళ్ళేనట. తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మొదలయ్యాయి, చుక్కలు కనిపించాయి. దాటేశాను.

అన్నిటికన్నా పనికొచ్చింది పంపింగ్ టెస్టు. మోటారు వేసి, మట్టం ఎంత దిగుతోందో టైముతో సహా రాసుకుని, లాగ్ గ్రాఫు (టైము 1, 10, 100 నిమిషాలని పదింతలుగా పెరిగే గళ్ళ కాగితం) మీద గీయాలి. టేపు చివర బోల్టు కట్టి బోరులోకి దింపుతుంటే వాచ్‌మన్ టార్చి పట్టాడు. గీత కాసేపు తిన్నగా వచ్చి, ఉన్నట్టుండి కిందికి వంగింది. నీళ్ళిచ్చే భాగానికి ఒకవైపు గట్టి బండ అడ్డుంటే గీత వాలు రెట్టింపవుతుందట. మా మోటారు పొద్దున బాగా పోసి తర్వాత గాలి కొట్టడానికి కారణం ఇదే కావచ్చు.

పేచీ ఎక్కడంటే, ఈ సూత్రాల్లో చాలావరకు నేల అంతా ఒకే తీరుగా, ఎల్లలు లేకుండా పరుచుకుని ఉందనుకుని మొదలవుతాయి. బెంగళూరు కింద ఉన్నది నైస్ అనే చారల గట్టి రాయి, గ్రానైటు. పైన మెత్తబడ్డ పొర ఎండితే ఇక పగుళ్ళలో ఉన్న నీళ్ళే గతి. అందుకే ఒక బోరు పోస్తుంటే పది అడుగుల అవతలిది దుమ్ము లేపుతుంది. ఈ బండ నేలల గురించి నాకింకా కావాలనిపించింది.

పాయింట్ ఎక్కడ పెట్టాలో ఈ కోర్సు చెప్పదు. కానీ "ఇంకో మూడొందల అడుగులు దింపితే గ్యారంటీ మేడం" అన్న బోరు లారీ ఆయన్ని, ఏ లోతులో పగులు తగిలిందో, అక్కడ ఎన్ని నీళ్ళు పడ్డాయో రాసిమ్మని అడగగలిగాను. ఆయన ముఖం చూడాలి!

అసోసియేషన్ కమిటీల్లో ఉన్నవాళ్ళు డార్సీ, పంపింగ్ టెస్టు పాఠాలు చూస్తే చాలు. గ్రాఫు కాగితం దగ్గర పెట్టుకోండి.